పట్టాకెక్కని చాకిరీ

1973లో ఆల్బర్టా రాష్ట్రంలోని ఒక పశుపోషక కుటుంబం తగవు కెనడా సుప్రీంకోర్టులో తేలింది. పాతికేళ్ల కాపురం తర్వాత విడిపోయిన భార్య, ఆ కాపురంలో సమకూరిన ఆస్తిలో తనకూ భాగం రావాలని అడిగింది. భర్త ఏడాదికి దాదాపు ఐదు నెలలు మరోచోట కొలువులో ఉండేవాడు. గడ్డి కోయడం, ట్రాక్టర్లూ లారీలూ నడపడం, గుర్రాలను మాలిమి చేయడం, పశువులకు టీకాలు వేయడం, కొమ్ములు తీయడం, వాతలు వేయడం అన్నీ ఆమె చేసింది. ఇవన్నీ ర్యాంచిలో ఏ ఇల్లాలైనా చేసే పనులేనని, వాటివల్ల ఆస్తిలో హక్కు పుట్టదని కోర్టు తేల్చింది. ఐదుగురు న్యాయమూర్తుల్లో బోరా లాస్కిన్ ఒక్కరే విభేదించారు. మర్డాక్ కేసుగా పేరుపడ్డ ఈ తీర్పును ఒక కోర్టు పొరపాటుగా తీసిపారేయలేం. దాని వెనుక దాదాపు వందేళ్ల చరిత్ర ఉంది. కెనడా ప్రెయిరీ మైదానాల్లో పశుపోషణ వేళ్లూనుకున్నది కుటుంబం చాకిరీ మీద, అందులోనూ ఆడవాళ్ల, పిల్లల చాకిరీ మీద. ఆ చాకిరీని లెక్కకు రానివ్వనిది అక్కడి భూచట్టం.

ర్యాంచి అంటే కౌబాయ్‌ల లోకం కదా, అందులో సంసారాలెక్కడివని ఎవరైనా అడగవచ్చు. తొలి దశకు ఆ మాట చాలావరకు వర్తిస్తుంది. 1877లో బ్లాక్‌ఫుట్ తదితర ఆదివాసీ జాతులతో ఏడో ఒడంబడిక జరిగింది. రెండేళ్లకల్లా బైసన్ మందలు ఆ మైదానాల్లో దాదాపుగా కనుమరుగయ్యాయి. ఆ గడ్డిభూములను ప్రభుత్వం 1881 నుంచి ఎకరాకు ఏడాదికి ఒక్క సెంటు చొప్పున, ఒక్కొక్కరికి లక్ష ఎకరాల దాకా, 21 ఏళ్ల గుత్తకిచ్చింది. కోక్రేన్, బార్ యూ వంటి పెద్ద ర్యాంచిలు అలా వెలిశాయి. జీతానికి కుదిరిన యువకులు మందలు కాసేవారు. చినూక్ అనే వెచ్చని పడమటి గాలి వచ్చి మంచు కరిగిస్తుందన్న భరోసాతో చలికాలమంతా పశువులను ఆరుబయటే వదిలేసేవారు. 1906–07 శీతాకాలం ఆ భరోసాను వమ్ము చేసింది. గడ్డి మీద మంచు గట్టిగా పేరుకుపోయింది. మేత అందక, ముళ్ల తీగ కంచెలు దాటలేక పశువులు గుట్టలుగా చచ్చాయి. ఆ దెబ్బతో బహిరంగ మేత కాలం ముగిసినట్టే అయింది. వేసవిలోనే గడ్డి కోసి వామి వేసుకున్నవాళ్లు, కాస్త పంటా కాస్త పశువులూ కలిపి చూసుకున్నవాళ్లు తట్టుకున్నారు. పాడినీ పంటనూ మనం ఒక్క మాటగా ఎందుకు కలిపి పలుకుతామో ప్రెయిరీ రైతుకు ఆ చలి నేర్పింది. అయితే వామి వేయడానికీ, పాడి చూడడానికీ జీతగాళ్లను పెట్టుకునే స్తోమత చిన్న రైతుకు లేదు. ఆ చేతులు ఇంట్లోంచే రావాలి.

ఆ ఇంటి డబ్బు ఎప్పుడెప్పుడు వచ్చేదో చూస్తే సంగతి బోధపడుతుంది. ఆ రోజుల్లో కోడెదూడ అమ్మకానికి ఎదగడానికి మూడు నాలుగేళ్లు పట్టేది. గోధుమ డబ్బు ఏడాదికొక్కసారి, అదీ వడగళ్లూ మంచూ కరుణిస్తేనే. మరి వారం వారం ఉప్పు, టీ, కిరసనాయిలు, పిల్లలకు బూట్లు ఎక్కడివి? ఇల్లాలు చిలికిన వెన్న, పెంచిన కోళ్ల గుడ్లు కొట్టుకు చేరితే, ఆ వెలకు తగ్గట్టు సరుకులు ఇంటికి వచ్చేవి. రైలు మార్గం దగ్గరపడ్డాక మీగడ డబ్బాలు వెన్న కర్మాగారానికి వెళ్లేవి. మగవాడి పేరున ఉన్న మంద ఎదిగేదాకా ఇంటిని నడిపింది ఈ చిల్లర రాబడే. పెరటి కూరగాయలు, నిల్వ చేసిన మాంసం, నూర్పిళ్ల వేళ వచ్చిన కూలీలందరికీ పూటపూటా వంట దీనికి అదనం. పిల్లలు నీళ్లు మోశారు, దూడలు కాశారు, కోతల కాలంలో బడి మానారు. ఇవన్నీ కొనుక్కోవాల్సి వస్తే చాలా చిన్న ర్యాంచిలు మొదటి రెండేళ్లు కూడా గడిచేవి కావు. అందుకే దీన్ని సాయం అనడం తప్పు, ఇది పెట్టుబడి.

చట్టం మాత్రం ఈ పెట్టుబడిని చూడలేదు. 1872 నాటి డొమీనియన్ భూచట్టం పది డాలర్ల రుసుముకు 160 ఎకరాలు ఇచ్చేది. మూడేళ్లు అక్కడ కాపురముండి, ఇల్లు కట్టి, నేల దున్నితే పట్టా వచ్చేది. 1876 సవరణతో ఈ అవకాశం వయసొచ్చిన మగవారికీ, కుటుంబానికి తానే దిక్కైన స్త్రీకీ, అంటే ఎక్కువగా పిల్లలున్న వితంతువుకే, పరిమితమైంది. ఇల్లు కట్టడంలో, నేల దున్నడంలో ఇద్దరూ కష్టపడినా పట్టా ఒక్కరికే. 1886లో వాయవ్య ప్రాంతాల్లో భార్యకు భర్త భూమిపై ఉండే సంప్రదాయ హక్కునూ తీసేశారు. ఆమెతో మాటైనా చెప్పకుండా అతను ఇల్లూ పొలమూ అమ్ముకోవచ్చు.

నేటి కొలతలతో ఆనాటి మనుషులను తూచకూడదని, మగవాళ్లూ ఎముకలు అరిగేలా కష్టపడ్డారని కొందరంటారు. మగవాళ్ల కష్టాన్ని ఎవరూ కాదనడం లేదు. కొలతలు మాత్రం నేటివి కావు. సరిహద్దుకు అవతల అమెరికాలో 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టమే పెళ్లికాని స్త్రీకి భూమి ఇచ్చింది. 1905లో సస్కాచివాన్‌లో భూమి కొనుక్కుని సేద్యం చేసిన జార్జినా బిన్నీ క్లార్క్, మగవాడికి దాదాపు ఉచితంగా దొరికే నేలకు స్త్రీ వెల కట్టాల్సి రావడమేమిటని గట్టిగా వాదించింది. ఆల్బర్టా స్త్రీలకు 1916లో ఓటు వచ్చింది. మరుసటి ఏడాదే, భార్య ఒప్పుకోనిదే ఇల్లున్న పొలం అమ్మరాదన్న చట్టమూ వచ్చింది. అన్యాయం ఆనాటివాళ్లకే తెలుసు. ఆ జీవితాన్ని ఇష్టంగా గడిపిన స్త్రీలు లేరా అంటే, ఉన్నారు. హై రివర్ దగ్గరి ర్యాంచిలో ఉన్న ఆగ్నెస్ స్క్రైన్ 1898లో అక్కడి స్వేచ్ఛ గురించి మురిసిపోతూ రాసింది. ఆ ఆనందం నిజమే. కానీ బతుకును ప్రేమించినంత మాత్రాన ఎవరూ తమ వాటా వదులుకున్నట్టు కాదు. ఇంకో మాటా దాచకూడదు. ఈ కుటుంబాలు వాటాలు పంచుకోవాల్సిన నేల అంతకుముందు బ్లాక్‌ఫుట్ ప్రజలది. వాళ్ల బతుకుదారిని లెక్కచేయని చట్టమే ఇల్లాలి చాకిరీనీ లెక్కచేయలేదు. నష్టాలు ఒకే స్థాయివి కావు. రెండుచోట్లా చట్టానికి కనబడింది కాగితం మీది పేరు మాత్రమే.

మర్డాక్ తీర్పు మీద దేశమంతటా ఆగ్రహం రేగింది. 1978లో ఆల్బర్టా దంపతుల ఆస్తి పంపకానికి కొత్త చట్టం చేసింది. అయినా చరిత్రకారుడికి ఆ పాత తీర్పే గొప్ప సాక్ష్యం. ఆమెకు భాగం నిరాకరించడానికి కోర్టు చూపిన కారణం ఏమిటి? ఇది ఏ ర్యాంచిలోనైనా ఏ ఇల్లాలైనా చేసే పనే అని. అంటే ప్రతి ర్యాంచి వెనుకా అలాంటి చాకిరీ ఉందని ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానమే ఒప్పుకుంది. వందేళ్లుగా ఏ పట్టాలోనూ చేరని మాట, హక్కు లేదని చెప్పబోయిన తీర్పులో రికార్డుకెక్కింది.