నల్ల: యాట కోసిన పూట తిండి

25 కిలోల మేకపోతును కోస్తే కూర పన్నెండు కిలోల దాకా వస్తుంది, నెత్తురు లీటరు వస్తుంది. నేను కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో పశువైద్యుడిగా పనిచేసి రిటైరయినవాణ్ణి. కానీ ఈ లెక్క నాకు కాలేజీ చెప్పింది కాదు. కురుమల ఇంట్లో పుట్టినవాడికి పలకా బలపం కన్నా ముందే వచ్చే లెక్క ఇది. దసరా నాడు యాట మెడ కింద తాంబాళం పట్టే పని మా ఇంట్లో పిల్లలదే. తాంబాళంలో ముందుగా పిడికెడు ఉప్పు, గ్లాసెడు నీళ్లు. చెయ్యి కదపకుండా పట్టాలి, నిండినంక నీడన పెట్టి కుక్కలు రాకుండా కాపలా కాయాలి. పది నిమిషాల్లో అది పేరుకుంటుంది, కత్తితో గీస్తే ముక్కలుగా తెగుతుంది.

ఆ ముక్కలను పసుపు వేసిన మసిలే నీళ్లలో వదిలేది మా అమ్మ. ఎర్రటిది చూస్తుండగానే గోధుమ రంగుకు, ఆ తర్వాత నలుపుకు తిరుగుతుంది. పైన నురగ కడుతుంది. "ముక్కను ఇరిశి సూడు బిడ్డా, నడుమ ఎరుపు కనబడితె ఇంకో పొంగు రానియ్యాలె" అనేది. వార్చి, చేత్తో పొడిపొడిగా చిదిపి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలు, అల్లం వెల్లుల్లి వేగిన నూనెలో వేసేది. చివర గుప్పెడు మెంతికూర, కొత్తిమీర. అదే నల్ల. ఉప్పు మాత్రం రుచి చూశాకే, ఎందుకంటే నెత్తుట్లో ముందే పడి ఉంటుంది. ఇప్పటి హోటళ్లలో నల్ల ఫ్రై తిని ఉప్పెక్కువైందనేవాళ్లకు కారణం ఇదే.

ఇదంతా అయ్యేసరికి అవతల తోలు వలవడం కూడా పూర్తి కాదు. తునకలు పోగులు పెట్టాలి, వాటాదారులు రావాలి, బోటి కడగాలి, బొక్కలు ఉడకాలి. కూర పొయ్యి దిగేసరికి పొద్దు నడినెత్తికొస్తుంది. అందుకే నల్ల, కాల్చిన కార్జం ముందు తిరిగేది కోసినవాళ్ల, వలిచినవాళ్ల చేతుల్లోకే. కూర చుట్టాలకు, నల్ల పనిచేసినవాళ్లకు. మా ఊళ్లో ఇది ఎవరూ చెప్పకుండానే నడిచిన పద్ధతి.

అయితే ఆ చేతుల్లో ఒకటి దాన్ని ముట్టేది కాదు. జబై చేయడానికి వచ్చే సాయిబు తన వాటా కూర తీసుకుని పోయేవాడు. అమ్మ మర్యాదకు అడిగితే "మాకు హరాం అక్కా" అని నవ్వేవాడు. కారే నెత్తురును ఖురాన్ నిషేధించింది. బైబిల్లో లేవీయకాండం 17వ అధ్యాయం, అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయం కూడా నెత్తురు తినొద్దంటాయి. అందుకే మన పల్లెల్లో చర్చికి వెళ్లే కొన్ని ఇళ్లలో యాట వండినా నల్ల వండరు. పక్కింటికి ఇచ్చేస్తారు. క్రీ.శ. 886 నుంచి 912 దాకా ఏలిన బైజాంటైన్ చక్రవర్తి ఆరవ లియో అయితే నెత్తురు వంటకాల మీద ఏకంగా శాసనమే చేశాడు.

శాసనాలు చేసినా యూరప్ మానలేదు. హోమర్ ఒడిస్సీ 18వ కాండలో ఇద్దరు కొట్లాటకు దిగితే గెలిచినవాడికి బహుమానం ఏమిటనుకున్నారు? కొవ్వు, నెత్తురు కూరి నిప్పుల మీద పెట్టిన మేక పొట్ట. ఇంగ్లండులోని బరీ పట్టణం బ్లాక్ పుడ్డింగ్‌కు పేరు. పంది నెత్తుట్లో బార్లీ, కొవ్వు కలిపి పేగులోకి ఎక్కించి ఉడకబెడతారు. స్కాట్లాండ్ వాళ్లు ఓట్స్ కలుపుతారు. వాళ్ల స్టోర్నోవే బ్లాక్ పుడ్డింగ్‌కు 2013లో యూరోపియన్ యూనియన్ భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. స్పెయిన్‌లోని బుర్గోస్‌లో కలిపేది మనం తినే బియ్యమే.

మనకు నెత్తురుంది, పేగుంది, బియ్యం ఉన్నాయి. మరి మన నల్ల పేగులోకి ఎందుకు ఎక్కలేదు? నా లెక్కలో మొదటి కారణం వాతావరణం. వాళ్లు చలికాలం మొదట్లో పందిని కోసి నెలల తరబడి తినాలి, ఏదీ పారేయకుండా దాచాలి. మనం యాటను కోసిన నాడే ఊరంతా పోగులేసుకుని ఖతం చేస్తాం. మిగిలితే ఉప్పు, పసుపు, కారం పట్టించి తాడుకు ఆరేసి ఒరుగులు చేస్తాం. మాంసం ఎండకు నిలుస్తుంది. నెత్తురు నిలవదు, మన ఎండలకు సాయంత్రానికే చెడుతుంది.

రెండో కారణం నాకు ఇంకా బలంగా తోస్తుంది. అన్నంలో నెత్తురు కలపడం మనకు తెలియక కాదు. పోచమ్మకో మహాలక్ష్మికో బలిచ్చిన రాత్రి ఆ నెత్తురుతో అన్నం కలిపి, గంపకెత్తి, "పొలి పొలి" అంటూ ఊరి పొలిమేర చుట్టూ చల్లేవాళ్లు. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ 1916లో అచ్చయిన తన గ్రామదేవతల పుస్తకంలో తెలుగు పల్లెల పొలిని వివరంగా రాశాడు. ఆ అన్నం ఊరి బయట తిరిగే శక్తులది, మనుషులది కాదు. దాన్ని చల్లి వచ్చినవాడు వెనక్కి తిరిగి చూడొద్దని మా తాత చెప్పేవాడు. అలాంటి కలుపును పళ్లెంలో పెట్టుకునే ధైర్యం ఎవరికుంటుంది? నల్లలో జొన్నలు, బియ్యం పడకపోవడానికి అసలు అడ్డం ఇదేనని నా నమ్మకం. పక్కన జొన్నరొట్టె, గట్క పెట్టుకుంటారు. కలిపి వండరు.

ఇక నల్లను ఊరి నుంచి పట్నానికి తెచ్చింది కల్లు దుకాణం. గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్ లాంటి బొగ్గు ఊళ్లలో షిఫ్టు దిగిన కార్మికులకు కల్లు సీసా పక్కన ఆకులో నల్ల, బోటి అమ్మి సంసారాలు నడిపిన ఆడవాళ్లెందరో. కూర కొనలేనివాడు కొనగలిగిన మాంసం అది. ఆదిలాబాద్ సరిహద్దు దాటి మరాఠ్వాడాకు పోతే దీన్నే రక్తీ అంటారు. అక్కడి దళితుల వంటింటి మీద షాహూ పాటోళే 2015లో మరాఠీలో ఒక పుస్తకమే వేశాడు. మన వంటల పుస్తకాలు తిరగేయండి: తలకాయ కూర దొరుకుతుంది, అదృష్టం బాగుంటే బోటి దొరుకుతుంది. నల్ల జాడ అరుదు. రాసేవాళ్లు తినేవాళ్లు కాకపోవడమే అందుకు కారణం. నాకిది కోపం తెప్పించే సంగతి.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే. నెత్తుట్లో ఉన్న ఇనుము ఆకుకూరల్లోని దానికన్నా తేలిగ్గా ఒంటికి పడుతుంది. 2019 పశుగణన నాటికి రాష్ట్రంలో గొర్రెలు కోటీ 90 లక్షలు, దేశంలో మొదటి స్థానం. ఇన్ని యాటలు తెగే చోట నెత్తురు ఎక్కువగా మోరీల పాలే అవుతోంది.

తినమంటూనే డాక్టరుగా ఒక మాట గట్టిగా చెప్పాలి. దొమ్మరోగం, అంటే ఆంత్రాక్స్, వచ్చిన జీవం ఉన్నట్టుండి చస్తుంది. ముక్కు నుంచి, వెనక నుంచి నల్లటి నెత్తురు కారుతుంది, అది గడ్డకట్టదు. 2021 అక్టోబరులో వరంగల్ జిల్లా దుగ్గొండి మండలంలో గొర్రెలు ఈ రోగంతోనే చచ్చాయి. దాని బీజాలు మామూలు ఉడుకుకు చావవు. కాబట్టి చచ్చిన యాటను అగ్గువకు ఇస్తామన్నా కొనకండి, కోయకండి, పశువైద్యశాలకు కబురు చేయండి. నల్ల కొనేటప్పుడు కళ్ల ముందు కోసిన ఆరోగ్యమైన యాటదే, పేరుకున్నదే తీసుకోండి. పేరుకోని నెత్తురును ఎంత తక్కువకు ఇచ్చినా ఇంటికి తేవద్దు.