పువ్వును మొగ్గ చేసినవాడు

1961 వేసవి. కాలిఫోర్నియా తీరంలోని శాంటా మోనికా. ర్యాండ్ కార్పొరేషన్‌లో గణిత సదస్సు నడుస్తోంది. ఆ విద్యలో తలపండినవాళ్ల ముందు మాట్లాడాల్సిన వంతు ఓ ఇరవై ఏడేళ్ల కుర్రాడికి దగ్గరపడుతోంది. పేరు జాక్ ఎడ్మండ్స్. నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో ఉద్యోగం. పీహెచ్‌డీ లేదు. పట్టుకున్న లెక్క ఇంకా తెగలేదు.

ఆ లెక్క వినడానికి చాలా తేలిక. కాగితం మీద చుక్కలు, కొన్ని చుక్కల మధ్య గీతలు. గీత ఉన్నచోటే జత కలపాలి. ఒక చుక్క రెండు జతల్లో ఉండకూడదు. వీలైనన్ని జతలు కావాలి. మగపెళ్లివారు, ఆడపెళ్లివారిలా చుక్కలు రెండు పక్షాలుగా విడిపోయి ఉంటే ఎలా కలపాలో అప్పటికే తెలుసు. పక్షాలు లేనప్పుడే చిక్కు. మూడో, ఐదో చుక్కలు చేతులు పట్టుకుని వలయం కట్టాయంటే, జత వెతుక్కుంటూ వచ్చిన లెక్క అందులో పడి గిరగిరా తిరుగుతుంది. సరి అడుగులో వచ్చానా, బేసి అడుగులో వచ్చానా అన్నది దానికే తెలియదు.

ప్రసంగం ముంచుకొస్తుండగా తట్టింది. వలయంలో తిరగడం దేనికి? మొత్తాన్నీ ఒక్క చుక్కగా కుదించేస్తే? ఐదు చుక్కల వలయంలో ఏ ఒక్కటి బయటివాళ్లతో జతకట్టినా మిగిలేవి నాలుగు. అవి పక్కపక్కనే రెండు జతలైపోతాయి. కాబట్టి కుదించినా పోయేదేమీ లేదు. చిన్నదైన బొమ్మలో దారి దొరికాక మళ్లీ విప్పుకోవచ్చు. ఆ వలయానికి ఆయన పెట్టిన పేరు బ్లాసమ్, అంటే పువ్వు. పువ్వును మొగ్గగా ముడిచి, పని కాగానే విప్పడమే కిటుకు.

1965లో ఇది కెనడా గణిత పత్రికలో అచ్చయింది. అదే ఏడాది మరో వ్యాసంలో, గీతలకు బరువులున్నప్పుడు కూడా జతలు కట్టే పద్ధతి చూపించారు. మొదటి వ్యాసం మధ్యలో అసలు విషయం ఆపి ఓ మాట వాదించారు: అన్నీ వరసగా వెతికితే జవాబు ఎప్పటికైనా దొరుకుతుంది, కానీ ఎప్పటికైనా దొరికే జవాబు చాలదు. లెక్క పెరిగినా కాలం చెయ్యి దాటిపోకూడదు. ఇవాళ ప్రతి కంప్యూటర్ విద్యార్థీ చదివే పాఠం అది. అప్పటికి కొత్త.

గారె మీద గళ్లు

మూడు దశాబ్దాలు గడిచాయి. 1994లో పీటర్ షోర్ క్వాంటమ్ కంప్యూటర్ ఏం చేయగలదో చూపించి లోకాన్ని ఉలిక్కిపడేలా చేశాడు. కానీ అది సమాచారం దాచుకునే క్యూబిట్ మహా సున్నితం, ఊరికే చెడిపోతుంది. చెడిందేమోనని చూడబోతే, ఆ చూపుకే దాచుకున్న సమాచారం పోతుంది.

రష్యా శాస్త్రవేత్త అలెక్సీ కిటాయెవ్ 1997లో ఓ ఉపాయం చెప్పాడు. నడుమ చిల్లున్న గారె మీద గళ్లు గీసి, గీతల మీద క్యూబిట్లను పేర్చాలి. ఏ ఒక్కదాన్నీ విడిగా చూడకూడదు. నాలుగేసి పొరుగు క్యూబిట్లను కలిపి ఒకే ప్రశ్న వేయాలి: సరా, బేసా? తప్పులు ఒక గొలుసులా పాకితే, దాని రెండు కొసల దగ్గర మాత్రమే జవాబు మారుతుంది. మధ్యలో గొలుసు ఎటు పోయిందో కనపడదు.

ఏ కొస ఏ కొసకు జత? 20 కొసలుంటే వాటిని జతలు కట్టే తీరులు 65 కోట్ల 47 లక్షల పైచిలుకు. అన్నీ చూడటం కుదరదు. అతి తక్కువ పొడవులో అన్నిటినీ కలిపే జతల్ని పట్టాలి. ఊహించిన గొలుసు అసలు గొలుసుతో అచ్చంగా కలవకపోయినా ఫరవాలేదు. రెండూ కలిసి గారె చిల్లు చుట్టూ గానీ, చిల్లులోంచి గానీ తిరిగివస్తేనే ప్రమాదం. అప్పుడు సమాచారం చడీచప్పుడూ లేకుండా తారుమారైపోతుంది.

2001లో ఎరిక్ డెన్నిస్, కిటాయెవ్, ఆండ్రూ లాండాల్, జాన్ ప్రెస్కిల్ ఈ జతల లెక్కకు మందు రాశారు. మందు పాతదే, ఎడ్మండ్స్ పద్ధతి. ప్రెస్కిల్ పనిచేసే కాల్‌టెక్, శాంటా మోనికాకు సుమారు నలభై కిలోమీటర్ల దూరం.

మైక్రోసెకన్ల పరుగు

మందు సరైనదే, వేగం చాలలేదు. సూపర్‌కండక్టింగ్ యంత్రాల్లో సుమారు మైక్రోసెకనుకోసారి కొత్త జవాబుల దొంతర వచ్చి పడుతుంది. దాన్ని విప్పి తప్పులు పట్టే డీకోడర్‌కు రెండు మైక్రోసెకన్లు పట్టిందనుకోండి. నిమిషానికి ఒకరొచ్చే రేషన్ క్యూలో ఒక్కొక్కరికి రెండు నిమిషాలు పట్టినట్టే. లెక్క ముందుకు సాగాలంటే జవాబు కోసం ఆగాలి. ఆగినంతసేపూ కొత్త బకాయి చేరుతుంది. దాన్ని తీర్చేలోపు ఇంకొంత. వేచి చూసే కాలం రెట్టింపవుతూ పోయి, క్వాంటమ్ వేగమంతా క్యూలోనే ఆవిరైపోతుంది.

2017లో డెల్ఫోస్, నికర్సన్ కాస్త కచ్చితత్వం వదులుకుని లెక్క పెరిగిన మేరకే దాదాపుగా కాలం పెరిగే యూనియన్-ఫైండ్ పద్ధతి తెచ్చారు. 2023లో ఆస్కార్ హిగాట్, క్రెయిగ్ గిడ్నీ ఎడ్మండ్స్ పువ్వునే మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. తప్పులు అరుదు, కొసలు చాలావరకు పక్కపక్కనే ఉంటాయి. అలాంటప్పుడు ప్రతి కొసకూ ప్రతి కొసతో దూరం కొలవడం దండగ. ఒక్కో కొస చుట్టూ ఓ ప్రాంతాన్ని మెల్లగా పెంచి, ఢీకొన్న చోట జత కట్టారు. ఒక్క ప్రాసెసర్ కోర్ మీద సెకనుకు పది లక్షల తప్పులు సరయ్యాయి.

2024లో గూగుల్ తన క్వాంటమ్ చిప్ విల్లో ఫలితాలు బయటపెట్టింది. గళ్ల పరిమాణం 3 నుంచి 5కు, 5 నుంచి 7కు పెంచిన ప్రతిసారీ తప్పుల రేటు సగానికి పైగా పడిపోయింది. తీరిగ్గా కూర్చుని లెక్కేసే డీకోడర్లు సాధించిన ఫలితమది. యంత్రంతో పాటు పరిగెత్తే డీకోడర్‌నూ ఆ బృందం పరీక్షించింది. దానికి తప్పులు కాస్త ఎక్కువే, కానీ వెనకబడలేదు. 5 పరిమాణం మీద, 1.1 మైక్రోసెకన్లకో దొంతర చొప్పున పది లక్షల దొంతర్లు వచ్చినా, చివరి దొంతర అందాక సగటున 63 మైక్రోసెకన్లకే జవాబు చేతికొచ్చింది. బకాయి పేరుకోలేదు.

ఆ పరిగెత్తే డీకోడర్‌లో వాళ్లు వాడింది హిగాట్, గిడ్నీల పద్ధతికే మార్పులు చేసిన రూపం. ఆ పద్ధతి పేరు స్పార్స్ బ్లాసమ్. శాంటా మోనికాలో ఆ కుర్రాడు పువ్వును ముడిచిన నాటికి క్వాంటమ్ కంప్యూటర్ అన్న ఆలోచనే పుట్టలేదు.