హిమానీనదం చెంత ఒక విడిది

కెనడా పశ్చిమాన, సెల్కర్క్ పర్వతశ్రేణిలో 1886లో ఏర్పడిన గ్లేసియర్ జాతీయోద్యానవనం చరిత్ర రైలుమార్గంతో ముడిపడి ఉంది. నిటారైన ఎత్తుదారిలో బరువైన భోజనశాల పెట్టెలను లాగడం కష్టమైనందున, ప్రయాణికుల భోజనం కోసం కెనడియన్ పసిఫిక్ రైల్వే కట్టించిన గ్లేసియర్ హౌస్, ఇల్లసిల్లవెట్ హిమానీనదానికి, అనగా తన బరువుకే మెల్లగా కిందికి జారే మంచురాశికి, నడిచి వెళ్లగలిగేంత చేరువలో ఉండటం వల్ల యాత్రికుల విడిదిగా ఎదిగింది. 1899లో వచ్చిన స్విట్జర్లాండ్ మార్గదర్శకులు సందర్శకులను తమతో ఒకే తాడుకు కట్టుకొని, మంచుగొడ్డళ్లతో మెట్లు చెక్కుతూ శిఖరాలకు నడిపించారు. 1887 నుండి ఆ హిమానీనదపు అంచును ఛాయాచిత్రాల్లో నమోదు చేసిన వాక్స్ కుటుంబం, రాళ్లపై గుర్తులు పెట్టి దాని తిరోగమనాన్ని కొలిచింది. 1916లో కన్నాట్ సొరంగం తెరుచుకొని రైలు దారి మళ్లగా, 1925లో విడిది మూతపడింది. నేడు అక్కడ పునాదులే మిగిలాయి. మంచు అంచు కొండపైకి ఎంతో దూరం వెనక్కి తగ్గింది.