ఆడని ఏళ్ల బోనస్

నేరం రుజువైన ఆటగాడి నుంచి, అంతకుముందే చెల్లించిన బోనస్‌ను జట్టు యాజమాన్యం తిరిగి రాబట్టుకునే పద్ధతి ఈనాడు నేరానికి పడే అదనపు శిక్షలా కనిపిస్తున్నప్పటికీ, దాని మూలం శిక్షాస్మృతిలో గాక జమాఖర్చుల పుస్తకంలో ఉంది. అమెరికా ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్.ఎఫ్.ఎల్.లో రెజీ వైట్ అనే ఆటగాడి పేరిట నడిచిన వ్యాజ్యం రాజీకి రావడంతో, 1993లో యాజమాన్యాలకూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కొత్త ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం ఒక్కో జట్టు ఏడాదికి జీతాల మీద ఎంత ఖర్చు పెట్టవచ్చునో చెప్పే గరిష్ఠ పరిమితి 1994లో అమలులోకి వచ్చింది. ఒప్పందంపై సంతకం చేసినందుకు ముందుగానే ముట్టజెప్పే పెద్ద మొత్తాన్ని సైనింగ్ బోనస్ అంటారు. ఈ సొమ్ము ఆటగాడి చేతికి ముందే అందినా, పరిమితి లెక్కలో మాత్రం ఒప్పందకాలపు సంవత్సరాలన్నింటి మీదా సమానంగా పరచి చూపేవారు. ఈ ఏర్పాటు వల్ల, అందిన సొమ్ములో కొంత భాగం ఇంకా ఆడని ఏళ్లకు చెందినదనే వాదన సహజంగానే తలెత్తింది.

ఆ వాదన మొదట ఎదురైంది నేరస్థులకు కాదు, ఆట మానుకున్నవారికి. డెట్రాయిట్ లయన్స్ జట్టుతో 1997లో ఆరేళ్ల ఒప్పందం చేసుకుని, కోటీ 10 లక్షల డాలర్ల సైనింగ్ బోనస్ పొందిన బ్యారీ శాండర్స్, 1999లో హఠాత్తుగా విరమణ ప్రకటించాడు. వివాదాన్ని విచారించిన మధ్యవర్తి, బోనస్‌లో ఆరో వంతును, అంటే సుమారు 18 లక్షల 33 వేల డాలర్లను వెంటనే తిరిగి చెల్లించాలనీ, విరమణలోనే కొనసాగితే మిగిలిన వంతులను ఏడాదికొకటి చొప్పున చెల్లించాలనీ 2000లో తీర్పు ఇచ్చాడు. ఇందులో నైతిక నింద లేదు. ఆడిన ఏళ్ల వంతు ఆటగాడిది, ఆడని ఏళ్ల వంతు జట్టుది అనే విభజన మాత్రమే ఉంది.

ఈ విభజనకు నిజమైన పరీక్ష మైకేల్ విక్ వ్యవహారంలో వచ్చింది. అట్లాంటా ఫాల్కన్స్ జట్టుతో 2004లో పదేళ్ల ఒప్పందం చేసుకున్న విక్, కుక్కల పందేల కుట్ర కేసులో 2007 ఆగస్టులో నేరం ఒప్పుకోగా, డిసెంబరులో 23 నెలల జైలుశిక్ష పడింది. సుమారు 2 కోట్ల డాలర్లను రాబట్టుకునే హక్కు జట్టుకు ఉందని మధ్యవర్తి స్టీఫెన్ బర్‌బ్యాంక్ 2007 అక్టోబరులో నిర్ణయించాడు. అయితే 1993 నాటి రాజీ అమలును పర్యవేక్షిస్తున్న న్యాయమూర్తి డేవిడ్ డోటీ, 2008 ఫిబ్రవరిలో అందులో అత్యధిక భాగాన్ని తోసిపుచ్చి, కోటీ 62 లక్షల 50 వేల డాలర్లు విక్‌కే చెందుతాయన్నాడు. నిర్ణీత తేదీన జట్టు జాబితాలో పేరు ఉన్నందుకు ఇచ్చే రోస్టర్ బోనస్, ఆ తేదీ దాటగానే ఆటగాడు సంపాదించుకున్న సొమ్ము అవుతుందని, తరువాతి నేరం దానిని వెనక్కి లాగలేదని ఆ తీర్పు సారాంశం. పై న్యాయస్థానం 2009లో దీనిని సమర్థించింది. విక్ చేసిన పని ఎంత క్రూరమైనదైనా, ఈ తీర్పు సరైనదేనని చెప్పక తప్పదు, ఎందుకంటే నేరానికి శిక్ష వేయవలసింది న్యాయస్థానమే గాని జీతం చెల్లించే యజమాని కాదు. యాజమాన్యాలు మాత్రం ఓటమి నుంచి నేర్చుకుని, 2011 ఒప్పందంలో జైలుపాలై ఆటకు దూరమవడాన్ని సొమ్ము కోల్పోదగిన ఉల్లంఘనల్లో స్పష్టంగా చేర్పించాయి.

హైదరాబాద్‌లో ఈ ప్రశ్న మరో రూపంలో ఎదురవుతుంది, ఎందుకంటే ఇక్కడ చాలాకాలం పాటు ఆటగాడికి ముందే చెల్లించే పెద్ద మొత్తం అనేదే లేదు. మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణలపై ఈ నగరపు క్రికెటర్ మహమ్మద్ అజహరుద్దీన్‌ను భారత క్రికెట్ బోర్డు 2000 డిసెంబరు 5న జీవితకాలం నిషేధించింది. అప్పటికి ఆయన ఆడిన 99 టెస్టుల రుసుములు ఆడిన ఆటకు ప్రతిఫలాలు కనుక, ఆ నిషేధపు బరువంతా రాబోయే కాలం మీదనే పడింది. ఆయన ఏ క్రిమినల్ న్యాయస్థానంలోనూ దోషిగా తేలలేదు. నిషేధం చట్టపరంగా నిలవదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2012 నవంబరు 8న తీర్పు చెప్పేనాటికి ఆయనకు 49 ఏళ్లు. సొమ్మునైతే వడ్డీతో సహా తిరిగి ఇప్పించవచ్చు గాని, ఆడే వయసును ఏ న్యాయస్థానమూ తిరిగి ఇప్పించలేదు.

ముందస్తు చెల్లింపులు పెరిగిన నేటి ఫ్రాంచైజీ ఒప్పందాలకు మన దేశంలో వర్తించేది 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 74వ సెక్షన్. ఒప్పందంలో ఎంత పెద్ద జరిమానా రాసుకున్నా, సముచితమైన పరిహారానికి మించి ఇప్పించరాదని అది చెబుతుంది. ఫతేచంద్ వర్సెస్ బాలకిషన్ దాస్ కేసులో సుప్రీంకోర్టు 1963లో ఇదే సూత్రాన్ని ముందే చెల్లించిన సొమ్ముకూ వర్తింపజేసి, ఇల్లు అమ్మజూపిన వ్యక్తి 1,000 రూపాయల బయానాను ఉంచుకోవచ్చునని, ధరలో భాగంగా పుచ్చుకున్న 24,000 రూపాయలను మాత్రం జప్తు చేసుకోలేడని తేల్చింది. ఇళ్ల బేరంలో పుట్టిన ఈ సూత్రం, శాండర్స్ విషయంలో మధ్యవర్తి చేసిన వంతుల విభజనకు ఎంతో దగ్గరగా ఉంది.

కార్మికుల బోనస్ విషయంలో చట్టం మరింత కఠినం. 1965 నాటి బోనస్ చెల్లింపు చట్టం 9వ సెక్షన్ ప్రకారం, మోసం, దొంగతనం, పని ప్రదేశంలో హింసాత్మక ప్రవర్తన వంటి కారణాలపై ఉద్యోగం నుంచి తొలగించబడిన వ్యక్తి బోనస్‌కు అనర్హుడయ్యేవాడు. లైంగిక వేధింపు నేరం రుజువు కావడాన్ని, ఆ చట్టం స్థానంలో వచ్చిన 2019 నాటి వేతనాల స్మృతి ఈ జాబితాలో చేర్చింది.

అయితే ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణానికీ, 1893లో నిజాం రైల్వే నెలకొల్పిన లాలాగూడ వర్క్‌షాపుకూ సమీపాన ఉన్న లాలాపేట్, తార్నాక ప్రాంతాల ఆటగాడికి దక్కే అసలైన బోనస్, క్రీడాకారుల కోటాలో వచ్చే ఉద్యోగమే. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన, ఎస్.ఎ. రహీమ్ తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు కాలం నుంచీ ఈ నగరంలో ఆటకు ఆధారం నెలజీతమే. రైల్వేలో అటువంటి ఉద్యోగి 48 గంటలకు మించి నిర్బంధంలో ఉంటే సస్పెన్షన్‌లో ఉన్నట్లే భావించి, జీతానికి బదులు జీవనభృతి చెల్లిస్తారు. నేరం రుజువైతే 1968 నాటి క్రమశిక్షణ నియమాల్లోని 14వ నియమం కింద, ఆ శిక్షకు దారితీసిన ప్రవర్తనను ఆధారం చేసుకుని పూర్తిస్థాయి శాఖాపర విచారణ లేకుండానే చర్య తీసుకోవచ్చు. డిస్మిస్ అయితే గత సర్వీసు మొత్తం రద్దవుతుంది. పాత పింఛను పథకం కిందివారికైతే దానితోపాటే పింఛనూ పోతుంది. పుచ్చుకున్న జీతంలో పైసా వెనక్కి అడగని ఈ పద్ధతి, పైకి మెత్తగా కనిపించినా, ఇంట్లో ఆ ఒక్క జీతమే ఉన్న కుటుంబానికి విక్ కోల్పోయిన బోనస్ కంటే ఎంతో బరువైనది. శాండర్స్ ఆడిన ఏళ్ల వంతును మధ్యవర్తి ముట్టుకోలేదు; ఇక్కడ 20 ఏళ్లు చేసిన సర్వీసు కూడా అసలు లేనట్లే అవుతుంది. దీనికి ఉన్న ఒకే ఒక్క సడలింపు కారుణ్య భత్యం: ప్రత్యేకంగా పరిశీలించదగిన సందర్భమని భావిస్తే, డిస్మిస్ చేసిన అధికారే, పింఛనులో మూడింట రెండు వంతులకు మించకుండా దీనిని మంజూరు చేయవచ్చు.