సూళ్లూరుపేటలో నిప్పు, నీరు

ఇల్లు కాలిన తరువాత బావి త్రవ్వినట్లు అను సామెత తాటాకు ఇండ్లవారికి కేవలము మాటవరుస కాదు. పులికాట్ సరస్సు చుట్టుపట్లనున్న పల్లెలలో ఒకనాటి ఇండ్లు చాలమట్టుకు ఆకుతోను, గడ్డితోను కప్పినవే. చైత్ర వైశాఖములలో పొయ్యి నుండి ఎగిరిన నిప్పురవ్వకు గాలి తోడైనచో వాడకు వాడయే బూడిద. ఆ కాలమున దళమెక్కడిది? పసిపిల్లలను, ముసలివారిని బయటకు చేర్చి, పశువుల పలుపులు విప్పుదురు. ఆడవారు బావి నుండి కడవలు అందింతురు. మగవారు గాలివాలుననున్న పొరుగింటి కప్పును గడకర్రలతో లాగి పడవేయుదురు. అంటుకొనని ఇంటిని కూల్చుట క్రూరముగా తోచవచ్చును. కాని నిప్పునకు మేత దొరకకుండ చేయు ఆ ఉపాయము శాస్త్రసమ్మతమే. శిక్షణ పొందిన దళములును అవసరమైనచో దానినే పాటించును.

మంటలార్పుటను జీతముగల ఉద్యోగముగా చేసినది నగరము. సూళ్లూరుపేటకు దక్షిణమున సుమారు 80 కిలోమీటర్ల దూరముననున్న మద్రాసులో 1908లో అగ్నిమాపక దళము ఏర్పడినది. నెల్లూరు జిల్లా అప్పుడు మద్రాసు రాజధానిలోనిదే అయినను, నగరపు గంట పల్లెలకు వినిపించునా? రెండవ ప్రపంచ యుద్ధమున, 1942 ఏప్రిల్ 6న, విశాఖపట్టణము, కాకినాడలపై జపాను బాంబులు పడినపుడు చిన్న పట్టణములకును ఈ చింత పట్టుకొన్నది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో దూదిని, ప్రేలుడు పదార్థములను మోసికొని వచ్చిన ఓడ అంటుకొని ప్రేలగా 66 మంది అగ్నిమాపక సిబ్బంది మరణించిరి. నేటికిని ఏప్రిల్ 14న దేశమంతట వారిని స్మరించుచున్నారు. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరణతో ఆంధ్ర ప్రాంతపు దళము, హైదరాబాదు దళము ఒకే శాఖయైనవి. ఆ శాఖకు ప్రత్యేక చట్టము 1999లో గాని రాలేదు.

ఇక సూళ్లూరుపేట. 1969లో శ్రీహరికోటను రాకెట్ కేంద్రమునకై ఎన్నుకొనుటతో ఈ ఊరి దశ మారినది. 1971 అక్టోబరు 9న అచ్చటి నుండి మొదటి రాకెట్ ఎగిరినది. పులికాట్ నడుమ వేసిన బాట మీద ఉద్యోగులు, సామగ్రి, చూడవచ్చువారు అందరును ఈ ఊరి మీదుగనే పోవలెను. ద్వీపమున నిప్పును పిలిచి పని చేయించుకొందురు. అదియు ఎల్లప్పుడు మాట వినదు. 2004 ఫిబ్రవరి 23న ఘన ఇంధనము అంటుకొని ఆరుగురు మరణించిరి. కేంద్రమునకు స్వంత అగ్నిమాపక సిబ్బంది కలరు. ఊరికి దిక్కు రాష్ట్ర శాఖవారి దళమే. తాటాకు తగ్గినది గాని, గ్యాసు బండలు, విద్యుత్తు తీగెలు, జాతీయ రహదారిపై నూనె ట్యాంకర్లు వచ్చినవి.

మాకు ముఖ్యముగా తోచునది నీటి సంగతి. సాధారణముగా ఒక అగ్నిమాపక శకటము 4,500 లీటర్ల నీటిని మోయును. రెండు గొట్టములు బాగుగ తెరచినచో అది కొద్ది నిమిషముల పని. పిదప? నిప్పు ప్రబలు వేసవిలోనే కాళంగి ఇసుకబయలగును; పులికాట్ ఉత్తరభాగము చాలమేర ఎండిపోవును. మిగిలినచోట నున్నది ఉప్పునీరు. దానిని తోడినచో పంపును మరల మంచినీటితో కడుగవలెను, లేనియెడల త్రుప్పు పట్టును. కావున చెరువులు, బావులు, బోర్లు ఊరివారి దాహమునకే కాదు, వారి కప్పులకును కావలి. చెరువును పూడ్చి ఇండ్లు కట్టుచోట ఈ లెక్క వేయువారు అరుదు.

కార్తీక మార్గశిరములలో కథ తలక్రిందులగును. ఈశాన్య ఋతుపవనము విజృంభించినపుడు ఎండిన ఏరే ఇండ్లలోనికి వచ్చును. 2015 నవంబరు వానలలో నెల్లూరు జిల్లా అనేక గ్రామములు నీట మునిగినవి. వైశాఖమున నీటికై వెదకిన సిబ్బందియే అట్టి దినములలో పడవలతోను, మోకులతోను జనులను ఒడ్డుకు చేర్చవలెను. శాఖ పేరున నేడు విపత్తు ప్రతిస్పందన అను మాట చేరుట ఇందువలననే. 2022 ఏప్రిల్‌లో సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలో చేరినది. ఏటి నడక మాత్రము మారలేదు.

101కి ఫోను చేయువారు ఊరు, వీధి, దగ్గరి గుర్తు చెప్పుట వాడుక. సమీపమున నీరు ఎచ్చట నున్నదో, శకటము పట్టు దారి ఏదియో కూడ చెప్పినచో సిబ్బందికి ఆ వెదకుట తప్పును.