అణాన్నర బాపూ

1948 జనవరి. ఢిల్లీ చలిలో, బిర్లా భవనంలో 78 ఏళ్ల మనిషి మంచం మీద పడుకుని ఉన్నాడు. జబ్బు చేసి కాదు, అన్నం మానేసి. 13వ తేదీన మొదలైన ఆ దీక్ష 18న మౌలానా ఆజాద్ అందించిన పళ్లరసంతో ముగిసింది. ఆయన అడిగినవి పెద్ద కోరికలేం కావు. ఈ ఊళ్లో ముసల్మానులు భయం లేకుండా తిరగాలి, ఆక్రమించిన మసీదులు వాళ్లకు తిరిగి ఇచ్చెయ్యాలి.

సరిగ్గా ఆ నెలలోనే తపాలా శాఖలో ఒక ఆలోచన నడుస్తోంది. అక్టోబరు 2న గాంధీగారికి 80వ ఏడు వస్తుంది, ఆ సందర్భానికి ఆయన బొమ్మతో బిళ్లలు వెయ్యాలి. బతికున్న మనిషికి అది చిన్న గౌరవం కాదు. తర్వాత పదేళ్లకు, 1958లో గాని అది ఎవరికీ దక్కలేదు. దక్కినాయన మహారాష్ట్రలో స్త్రీల చదువుకు పాటుపడ్డ ధోండో కేశవ్ కార్వే.

30వ తేదీ శుక్రవారం, సాయంకాలం ప్రార్థనకు నడుస్తుండగా మూడు గుళ్లు పేలాయి. పుట్టినరోజు బిళ్ల కాస్తా సంతాప బిళ్ల అయింది. ఇప్పుడు దాని మీద ఒక తేదీ కాదు, రెండు తేదీలు పట్టాలి.

ఒక్క క్షణం ఆ బొమ్మ గీసేవాడి బల్ల ముందు కూర్చుందాం. శాంతి అనగానే ఈ రోజు మన చెయ్యి పావురం మీదికి పోతుంది. అప్పటికి పికాసో పావురం ఇంకా ఎగరలేదు, అది 1949లో పారిస్ శాంతి మహాసభ గోడపత్రిక మీద వాలింది. ఈ బిళ్ల మీద పిట్టా లేదు, కొమ్మా లేదు. గాంధీ ముఖం, ఇంగ్లీషులో పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ. వీటికి తోడు ‘బాపూ’ అని నాగరిలో ఒకసారి, ఉర్దూలో ఒకసారి.

నన్నడిగితే ఆ బిళ్లలో శాంతి అంతా ఆ రెండు లిపుల్లోనే ఉంది. ఉర్దూ అక్షరాలు ఉండి తీరాలని నెహ్రూ పట్టుబట్టారంటారు. గాంధీగారికైతే ఇది పాత పట్టుదల. హిందుస్తానీని రెండు లిపుల్లోనూ నేర్చుకోవాలన్న మాట దగ్గర తేడా వచ్చి, 1945లో హిందీ సాహిత్య సమ్మేళనం నుంచే బయటికి వచ్చేశారాయన. బిళ్లలు విడుదలైంది 1948 ఆగస్టు 15న. దేశం రెండై ఏడాది. మన పక్కనే నిజాం రాజ్యంలో రజాకార్ల ఆగడాలు ముదిరిన సమయం. నెల తిరగకముందే, సెప్టెంబరు 13న, హైదరాబాదు మీదికి సైన్యం కదిలింది. అటువంటి రోజుల్లో ఉర్దూ ముక్కను సర్కారు బిళ్ల మీద, అదీ గాంధీ పక్కన వెయ్యడానికి గుండె కావాలి. పావురం వెయ్యడం దానికంటే చాలా తేలిక.

ముద్రణ దగ్గర మాత్రం పరువు కాస్త పోయింది. నాసిక్ ప్రెస్సులో అప్పుడున్నది లిథో పద్ధతి. జెండాలకూ, అశోక సింహాలకూ అది చాలుతుంది. ముఖంలో ముడతలూ వెలుగునీడలూ పలకాలంటే ఫొటోగ్రేవ్యూర్ కావాలి. అందులో రేకు మీద సన్నని గుంటలుంటాయి. లోతైన గుంట ఎక్కువ సిరా పట్టి నలుపెక్కుతుంది, పైపై గుంట లేతగా దిగుతుంది. ఆ పద్ధతిలో నాసిక్‌లో బిళ్లలు దిగింది 1952లో, కబీరూ మీరాబాయీ ఉన్న కవుల వరుసతో. అంచేత పని స్విట్జర్లాండులో గడియారాలకు పేరుపడ్డ లా షో ద ఫోన్ పట్నానికి, కూర్వాజియే కంపెనీకి పోయింది. స్వదేశీ అంటూ ఊరూరా తిరిగిన మనిషి విదేశంలో అచ్చయి వచ్చాడు.

మా వైపు వాళ్లకు ఇది ఇంకాస్త గుచ్చుకుంటుంది. నెల్లిమర్లలో పాసింజరు ఎక్కితే గరివిడి, చీపురుపల్లి, సిగడాం దాటాక పొందూరు. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, వెంట్రుక లాంటి ఖద్దరు నూలు తీసే ఊరు. ఆ పని చూసి రమ్మని గాంధీగారు కొడుకు దేవదాసును పంపారని అక్కడి వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆగస్టు 15 ఆ ఏడు ఆదివారం పడింది. ఆ తర్వాత ఒక పొద్దున నెల్లిమర్ల పోస్టాఫీసులో ఏం జరిగుంటుందో నేను ఊహించి రాస్తున్నాను. అప్పటికి విజయనగరం జిల్లా పుట్టలేదు, మనది విశాఖపట్నం జిల్లా, మద్రాసు రాష్ట్రం. జూట్ మిల్లు కూత కూసింది. ఖరగ్‌పూర్ రైల్వేలో ఉన్న కొడుక్కి రాయించిన ఉత్తరం పట్టుకుని ఒక ముసలమ్మ వచ్చింది. అణాన్నర బిళ్ల అతికించి, పోస్టుబాబు సీలు ఎత్తాడు.

“ఏటి బాబూ, గాంధీబాబు మొకమ్మీదే గుద్దెత్తన్నారేటి?”

“గుద్దకపోతే ఎలాగమ్మా? ఊడబీకి మల్లా ఇంకో ఉత్తరానికి అంటించెయ్యరేటి?”

“అయితే ఆ పక్కని గుద్దండి. మొకం ఒగ్గీండి.”

బిళ్ల గీసేవాళ్లందరి నెత్తినా ఉన్న చిక్కే ఇది. ఎంత అందంగా గీసినా చివరికి నల్లసీలు పడి తీరాలి. 1956లో 2500వ బుద్ధ జయంతికి వేసిన బిళ్లల మీద బుద్ధుడి ముఖమే లేదు. బోధివృక్షమూ గొడుగూ ఉన్నాయి. అమరావతి శిల్పులు బుద్ధుణ్ణి చెట్టుగా, పాదాలుగా, ఖాళీ ఆసనంగా చెక్కిన దారి అది. నెల్లిమర్ల పక్కనే రామతీర్థంలో గురుభక్తులకొండ మీది బౌద్ధ శిథిలాలు చూసినవాళ్లకు ఆ సంప్రదాయం కొత్త కాదు.

గాంధీ వరుసలో నాలుగు వెలలున్నాయి. అణాన్నర, మూడున్నర అణాలు, పన్నెండు అణాలు, పది రూపాయలు. అణాన్నరది మామూలు ఉత్తరానికి. పది రూపాయలది పరిమాణంలోనూ పెద్దది, అది కొని కవరుకు అంటించే స్తోమత మనవైపు ఎందరికుంది? దాని మీద ‘సర్వీస్’ అని అచ్చేసి గవర్నర్ జనరల్ కచేరీకి ఇచ్చినవి నూరే. వాటిలో నాలుగింటిని కలిపి 2017లో బ్రిటన్‌లో 5 లక్షల పౌండ్లకు అమ్మారు.

ఖద్దరు లోటు కూడా ఆలస్యంగా తీరింది. 2011 ఫిబ్రవరి 12న ఢిల్లీ ప్రదర్శనలో రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ ఒక గాంధీ బిళ్లను విడుదల చేశారు. కాగితం కాదు, అచ్చంగా ఖాదీ గుడ్డ మీద ముద్ర. వెల 100 రూపాయలు. ఆ రోజుల్లో మామూలు ఉత్తరం 5 రూపాయలతో వెళ్లిపోయేది. గుడ్డ గాంధీని అంటించుకున్న కవరు ఎవరింటి గడప తొక్కిందో గాని, ఆల్బములు పోగేసేవాళ్ల దగ్గర మాత్రం ఆ బిళ్ల ఇప్పటికీ దొరుకుతుంది.