ఐఫెల్ గోపురముపై లేని పేరు

ఉన్నత ప్రదేశము నెక్కి క్రిందనున్న లోకమును చూడవలెనను కోరిక మానవునకు సహజము. పూర్వము కొండ నెక్కెను. పిమ్మట కోటబురుజు నెక్కెను. నేడు రుసుము చెల్లించి యినుప గోపురము నెక్కుచున్నాడు. పారిస్ నగరమున సేన్ నదీతీరమందున్న ఐఫెల్ గోపురమును 2023వ సంవత్సరములో 60 లక్షలకు పైగా జనులు దర్శించిరి. వారిలో పెక్కుమంది గోపురము నెక్కి నగరమును చూచినవారే. గోపురమును చదివినవారు కొలదిమంది. మేమును చూచుటకే పోతిమి గాని, చదువుకొని తిరిగి వచ్చితిమి.

లిఫ్టు నొద్ద జనుల వరుస మిక్కిలి దీర్ఘముగా నుండుటచే మేము మెట్లదారి పట్టితిమి. నేలనుండి రెండవ అంతస్తు వరకు 674 మెట్లు. మొదటి అంతస్తు 57 మీటర్ల యెత్తున, రెండవది 116 మీటర్ల యెత్తున, మూడవది 276 మీటర్ల యెత్తున నున్నవి. ఆయాసమున్నను మెట్లదారియం దొక లాభము గలదు. ఇనుపకమ్మి యినుపకమ్మితో నెట్లు కూడినదో, ఏ బరువు నే దూలము మోయుచున్నదో కన్నులార చూడవచ్చును. ఈ కట్టడమునందు 18,038 ఖండములును, వానిని కలిపిన 25 లక్షల రివిట్లును గలవు. ఇనుము బరువు 7,300 టన్నులు. మేము చేయి చాచి తాకిన ప్రతి రివిట్టును ఒకానొక పనివాడు కాల్చి, పెట్టి, కొట్టినదే గదా యని తలచుచు మెల్లగా నెక్కితిమి.

ఫ్రెంచి విప్లవము 1789లో జరిగెను. దాని నూరవ యేట, అనగా 1889లో, పారిస్ నగరమున గొప్ప ప్రదర్శనము జరుపుటకు ఫ్రాన్సు ప్రభుత్వము నిశ్చయించెను. ఆ యుత్సవమునకు తగిన గోపురము యొక్క మొదటి చిత్రమును 1884లో గీచినవారు మారిస్ కెష్లాన్, ఎమిల్ నుగియే యను నిరువురు ఇంజనీర్లు. స్తెఫాన్ సొవెస్త్ర్ అను శిల్పి దానికి తోరణములు చేర్చి సొగసు దిద్దెను. వీరి యజమానియగు గుస్తావ్ ఐఫెల్ మొదట దానియందు ఆసక్తి చూపకపోయినను, పిమ్మట దాని విలువ గ్రహించి హక్కులు కొనెను. పని 1887 జనవరి 28వ తేదీన మొదలై 1889 మార్చి 31వ తేదీన ముగిసెను. నాటి యెత్తు 300 మీటర్లు. ప్రసార స్తంభములు చేరుటచే నేడు 330 మీటర్లు. 1930లో న్యూయార్కు నగరమున క్రైస్లర్ భవనము లేచువరకు లోకమున నింతకంటె నెత్తైన కట్టడము లేదు.

నేడు పారిస్ నగరమునకు గుర్తుగా నున్న యీ గోపురమును ఆ నగరపు పెద్దలే మొదట నిందించిరి. 1887 ఫిబ్రవరిలో మొపాసా, గూనో, శిల్పి గార్నియే మొదలగు సాహితీవేత్తలును కళావేత్తలును పత్రికాముఖమున దీనిని ఖండించిరి. గాలి తాకిడిని లెక్కించి నిలిపిన రేఖలకు వాని సౌందర్యము వానికుండునని ఐఫెల్ సమాధానము చెప్పెను. 1888లో పనివారును పని మానివేసి, ఎత్తు పెరిగినకొలది అపాయము పెరుగుచున్నది గనుక కూలియు పెరుగవలెనని కోరిరి. కళావేత్తల నిరసనమును చరిత్ర గ్రంథములన్నియు చెప్పును. కూలివారి నిరసనమును చెప్పునవి తక్కువ.

ఒడంబడిక ప్రకారము గోపురమునకు ఇరువది యేండ్లే ఆయువు. ఆ వెనుక నగరము దానిని విప్పివేయవచ్చును. దానిని కాపాడినది సౌందర్యము గాదు, ఉపయోగము. ఐఫెల్ దానిపై వాతావరణ పరిశోధనకు తావిచ్చెను. గాలి యొత్తిడిని గూర్చి తానే ప్రయోగములు చేసెను. 1898లో దానిపైనుండి పాంథెయోన్ భవనమునకు తీగలేని తంతివార్త పోయెను. పిమ్మట సైన్యము దానిని వార్తాస్థానముగా చేసికొనెను. ఇట్లు శాస్త్రము గోపురమునకు ప్రాణదానము చేసినది.

శాస్త్రమునకు తాను ఋణపడియున్న సంగతిని ఐఫెల్ ముందే యెరిగియుండెను. అందుచే మొదటి అంతస్తు క్రింద నాలుగు వైపులను, వైపునకు 18 చొప్పున, 72 పేర్లను చెక్కించెను. అక్షరముల యెత్తు 60 సెంటీమీటర్లు. లాగ్రాంజ్, లాప్లాస్, లవోసియే, ఆంపేర్, ఫూరియే, కోషీ, పువాసో, నవియే మొదలగు గణితజ్ఞులు, రసాయనజ్ఞులు, ఇంజనీర్ల పేర్లవి. ఇరువదవ శతాబ్ది మొదటిలో వానిపై రంగు పూయుటచే పేర్లు మరుగుపడెను; 1986-87లో మరల వెలికి తీయబడెను. మేము నేలకు దిగి, గోపురము చుట్టును తిరుగుచు వానిని చదివితిమి. ఆ 72 పేర్లలో స్త్రీపేరు ఒక్కటియు లేదు.

నాడు శాస్త్రమెరిగిన స్త్రీ లేకపోయెనేమో యని సమాధానపడుదుమన్న, సోఫీ జెర్మేన్ అడ్డువచ్చును. ఆమె 1776లో పారిస్ నగరమున జన్మించెను. విప్లవకాలమున వీధులలో కలవరము చెలరేగినప్పుడు తండ్రి గ్రంథాలయమున కూర్చుండి గణితము నేర్చెను. ఆడపిల్లకు గణితమేలయని తలిదండ్రులు రాత్రులు దీపమును, వెచ్చని బట్టలను తీసివేసినను, ఆమె దాచుకొన్న క్రొవ్వొత్తి వెలుగున చదివెనని ఆమె చరిత్రకారులు చెప్పుదురు. 1794లో ఎకోల్ పాలిటెక్నిక్ స్థాపింపబడినప్పుడు ఆమెకు 18 ఏండ్లు. ఆ విద్యాలయమున స్త్రీలకు ప్రవేశము లేదు. ఆమె పాఠముల వ్రాతలు సంపాదించి, లెబ్లాన్ అను పురుషుని పేరు పెట్టుకొని లాగ్రాంజ్ గురువునకు తన రచన పంపెను. నిజము తెలిసిన పిమ్మట ఆయన ఆమెను తిరస్కరింపక ప్రోత్సహించెను. జర్మను గణితజ్ఞుడగు గౌస్‌తోడను ఆమె ఆ పేరుతోనే యుత్తరములు నడపెను. 1807లో ఆమె స్త్రీయని యెరిగి, అడ్డంకులన్నింటిని దాటి యింత సాధించినందుకు గౌస్ మరింత మెచ్చుకొనెను.

కంపించు పలకల స్వభావమును గణితముచే వివరింపుడని ఫ్రెంచి శాస్త్రపరిషత్తు బహుమానము ప్రకటింపగా, ఆమె 1811లోను 1813లోను ప్రయత్నించి విఫలురాలై, మూడవమారు 1816లో దానిని గెలుచుకొనెను. ఆమె సిద్ధాంతమున లోపములు లేకపోలేదు. పువాసో, నవియే మొదలగువారు ఆ శాస్త్రమును ముందునకు నడిపిరి. ఆమె లేనిచో గోపురము నిలువదని చెప్పుట అతిశయోక్తి. కాని వస్తువులు వంగుట, సాగుట, కంపించుట యను విషయములను గూర్చిన శాస్త్రమును ఆరంభదశయందు పెంచినవారిలో ఆమె యొకతె. ఆమె గురువు పేరును, ఆమె వెనుక అదే శాస్త్రమున పాటుపడిన పురుషుల పేర్లును గోపురముపై నున్నవి. ఆమె పేరు లేదు. 1831లో ఆమె మరణించినప్పుడు మరణపత్రమునందు సైతము గణితజ్ఞురాలని వ్రాయక, ఆస్తిపై ఆదాయము గల స్త్రీయని వ్రాసిరి.

ఇది ఐఫెల్ ఒక్కని పొరపాటని మేమనుకొనము. ఎకోల్ పాలిటెక్నిక్ స్త్రీలను చేర్చుకొనినది 1972లో. ఆ శాస్త్రపరిషత్తు రెండు నోబెల్ బహుమానములలో ఒకదానిని అప్పటికే పొందియున్న మేరీ క్యూరీని 1911లో నిరాకరించినది. పూర్ణసభ్యురాలిగా తొలిసారి ఒక స్త్రీని, ఈవోన్ షొకే-బ్రూయను, ఎన్నుకొనినది 1979లో. తలుపు మూసియున్న యింటిలో స్త్రీలు కానరారని లెక్కవ్రాయుట న్యాయమా? 2025లో పారిస్ నగరపాలకులు స్త్రీ శాస్త్రజ్ఞుల పేర్లను కూడ గోపురముపై చేర్చుటకు పూనుకొనిరి. ఆలస్యమైనను మంచిదే.

పరుల గోడపైని లోపము నెంచినప్పుడు మన రాళ్లను కూడ తలచుకొనుట ధర్మము. నాగార్జునకొండ శాసనములలో మూడవ శతాబ్దినాటి ఇక్ష్వాకురాజు చాంతమూలుని సోదరి చాంతిసిరి పేరు నేటికిని చదువవచ్చును. స్త్రీ పేరు రాతిపై చెక్కుట మన పూర్వులకు అవమానము గాలేదు. కాని ఆ పేరు దానము చేసినందుకు చెక్కినది, విద్యార్జనకు గాదు. ఇచ్చు స్త్రీని మనము గౌరవించితిమి. చదువు స్త్రీకి ఎంతకాలము తావిచ్చితిమి? 1874లో వీరేశలింగముగారు ధవళేశ్వరమున బాలికాపాఠశాల పెట్టుటయే ఒక సాహసముగా నుండెను గదా.

సాయంకాలమున దీపములు వెలుగగా గోపురము బంగారు వర్ణము దాల్చెను. చుట్టునున్నవారందరు పైకి చూచుచుండిరి. మేము మరల ఆ పేర్ల వరుసవైపే చూచితిమి. గోడపై పేరు చెక్కుట సులభము. ఒకనాడు జరిగిన యన్యాయమునకు అది కొంత ప్రాయశ్చిత్తము. కాని చెక్కదగిన పేరు పుట్టవలెనన్న, రాత్రి చదువుకొను బాలిక యొద్దనుండి దీపము తీసివేయకుండవలెను. ఆ పని శిల్పి చేయజాలడు. ప్రతి గృహమునందును తలిదండ్రులే చేయవలెను.